గుంతలో నిలవని నీళ్లు

అవ్వ పోయిన మూడో రోజు బోధన్‌లో మా తమ్ముడు గంగాధర్ ఇంటి ముందు టెంటు కింద కూర్చుని ఉన్నాం. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ ఇస్తున్నారు. మా మేనత్త, అంటే బాపు చెల్లెలు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఊదుకుంటూ అవ్వ గురించి చెప్పసాగింది. ఎంత ఓపిక, ఎంత చాకిరి చేసింది, ఏనాడూ ఎదురు మాట్లాడలేదు అంటూ వచ్చి, చివరికి ఆ మాట అన్నది.

"మంచి మనిషే పాపం. గని గా ఒక్క తప్పు జెయ్యకపోతే చిన్నపిల్ల గూడ ఇయ్యాల మనుమలను ఎత్తుకుంటుండె. బోధన్ల చెరుకురసం తాపి చేజేతుల పోగొట్టుకున్నది."

చుట్టూ కూర్చున్నవాళ్లు తలలూపారు. మా చెల్లె శోభను ఎన్నడూ చూడని కొత్త కోడళ్లు కూడా ఊపారు. నేను నోరు తెరిచాను. అత్తకు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు. ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి. చావింట్లో అరవలేక ఊరుకున్నాను. కానీ నిజామాబాద్‌కు తిరిగి వచ్చిన దగ్గరి నుంచీ ఆ మాట వదలడం లేదు. అది నిజం కాదని మా ఇంట్లో అందరికంటే ముందు తెలుసుకున్నది నేను. ఎవరో చెబితే తెలుసుకోలేదు, నేలను కొలిచి తెలుసుకున్నాను. అవ్వ బతికుండగా ఆ సంగతి నలుగురిలో చెప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోనవసరం లేదు కాబట్టి రాస్తున్నాను.

మా ఊరు కోటగిరి దగ్గర. ఊరి చుట్టూ నల్లరేగడి, కాలువ నీళ్లు, చెరుకు. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైందంటే చెరుకు బండ్లు తెల్లారకముందే బోధన్ బాట పట్టేవి. గాలి ఇటు తిరిగినప్పుడు ఫ్యాక్టరీ మడ్డి వాసన, పులిసిన బెల్లంలాంటి వాసన, మా ఇంట్లో అన్నం గిన్నె మూత తీసినా అదే వచ్చేది. చెరుకు అయిపోగానే పసుపు ఉడకబెట్టడం. పెరట్లో ఇటుకల పొయ్యి మీద పెద్ద కడాయి పెట్టి, మీద చెరుకాకు కప్పి, పచ్చి పసుపు ఉడికిస్తుంటే ఆ ఆవిరికి కళ్లు మండేవి, బట్టలన్నీ ఆ వాసనే పట్టేవి. మా ఇల్లు మాత్రం రేగట్లో కాదు, ఊరి పక్క గడ్డ మీద ఉండేది. పైన మూరెడు ఎర్రమట్టి, కింద గులకరాళ్ల వదులు మొరం. వాన వెలిసిన గంటకు మా వాకిట్లో చెప్పులు లేకుండా నడిచినా కాళ్లకు మట్టి అంటేది కాదు. కింది గల్లీలో వాళ్లు మోకాలి దాకా బురదలో దిగబడుతుంటే బాపు అరుగు మీద కూర్చుని, మన తాత తెలివైనోడు, జాగ చూసి ఇల్లు కట్టిండు అనేవాడు.

పెరట్లో ఒక మూలకు బావి. రాతి గట్టు, ఇనుప గిరక. మా వాడకట్టులో నాలుగైదు ఇళ్లవాళ్లు ఆ బావి నీళ్లే తాగేవాళ్లు. పొద్దున అవ్వ లేచేసరికి గిరక చప్పుడు మొదలయ్యేది. ముందు ఇంటి బిందెలు, తరువాత పక్కింటి సాయవ్వ బిందెలు, ఆ తరువాత గల్లీవాళ్లవి. అవ్వ బిందె మూతికి తెల్ల గుడ్డ కట్టి, నీళ్లు వడగట్టి పోసేది. గుడ్డ మీద ఒక్క నలుసు కనబడినా ఆ నీళ్లు పారబోసి మళ్లీ చేదేది.

బాపు తల్లిని మేము బాపమ్మ అనేవాళ్లం. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. ఊరి ఆడవాళ్లందరిలా చెంబు పట్టుకుని చేన్లకు పోవడం ఆమె వల్ల కాలేదు. అవ్వ రెక్క పట్టుకుని తీసుకుపోయేది. ఒక వానాకాలం ఇద్దరూ గట్టు మీద జారి పడ్డారు. బాపమ్మ మూలుగుతూ ఇంటికి వచ్చింది. ఆ మరునాడే బాపు గడ్డపార పట్టుకుని పెరట్లోకి దిగాడు. మా వాడకట్టులో మొట్టమొదటి పాయఖానా అది. గుంత ఆయనే తవ్వాడు. ఎర్రమట్టి దాటి మొరంలోకి దిగాక, నిలువెత్తు లోతులో ఆగి, నాలుగు బిందెల నీళ్లు పోయించాడు. నీళ్లు కళ్ల ముందే మాయమయ్యాయి. గుంతలో నిలబడే చేతులు నడుముకు పెట్టుకుని నవ్వాడు.

"సూసిన్రా? చుక్క నిలుస్తలేదు. గీ గుంత నా జన్మల నిండదు."

నిజంగానే నిండలేదు. తరువాత కింది గల్లీలో రేగట్లో గుంతలు తవ్వుకున్నవాళ్లవి ప్రతి వానాకాలం పొంగిపోయేవి, వాసనకు ఇళ్లల్లో ఉండలేకపోయేవాళ్లు. మా గుంత ఏళ్లకేళ్లు అట్లాగే ఉండేది. చుట్టాలు వస్తే బాపు వాళ్లను వెనక్కి తీసుకుపోయి చూపించేవాడు. అక్కడి నుంచి బావి పిలిస్తే పలికేంత దూరంలో, కాస్త పల్లంలో ఉందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. తట్టడానికి కారణం కూడా లేదు. బావి నీళ్లు తేటగా, చల్లగా, తియ్యగా ఉండేవి.

శోభ నాకంటే చాలా చిన్నది. ఇంకా బడికి పోవడం లేదు. బాపమ్మ పక్కన పడుకునేది, ఆమె నమిలే వక్కలో తనకూ ఒక ముక్క కావాలని మారాం చేసేది. ఏది దొరికినా తల మీద పెట్టుకుని అవ్వలాగా బిందె మోస్తున్నట్టు వాకిట్లో తిరిగేది. ఆ ఏడు వానలు చివరిదాకా విడవకుండా కురిశాయి. బావిలో నీళ్లు చెయ్యి పెడితే అందేంత పైకి వచ్చాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుంటే అవ్వ శోభను తీసుకుని గౌను గుడ్డ కొనడానికి బోధన్ పోయింది. సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు శోభ పెదవుల మీద ఎండిన రసం మరక ఉంది. బస్టాండు దగ్గర అవ్వతో కలిసి ఒక గ్లాసు చెరుకురసం తాగానని, అందులో మంచుగడ్డ వేశారని అందరికీ గొప్పగా చెప్పింది.

మర్నాడు సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆ తరువాత బేదులు. మొదట బాపమ్మ దిష్టి తీసింది. వాము నీళ్లు పట్టారు. పోసినవి పోసినట్టే బయటికి వచ్చాయి. శోభ నీళ్లు నీళ్లు అని అడుగుతూనే ఉంది. అవ్వ గుడ్డతో వడగట్టిన బావి నీళ్లు చెంచాతో పోస్తూనే ఉంది. తెల్లారేసరికి పిల్ల కళ్లు లోపలికి పోయాయి, చేతుల మీద చర్మం ముసలివాళ్లలాగా ముడతలు పడింది. కోటగిరిలో డాక్టరు చూసి బోధన్‌కు తీసుకుపొమ్మన్నాడు. జీపు దొరికేసరికి పొద్దెక్కింది. బోధన్ దవాఖానాలో సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. ఒక చేయి, రెండో చేయి, పాదం చూస్తుండగానే అయిపోయింది. ఇవన్నీ నేను చూసినవి కావు, తరువాత విన్నవి. నేను చూసింది మధ్యాహ్నం జీపు తిరిగి రావడం. బాపు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. అవ్వ వెనుక, ఒళ్లో శోభతో. బాపు దిగి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయాడు.

ఏమైంది అని అడిగినవాళ్లకు బాపమ్మే జవాబు చెప్పింది. "బోధన్ల రసం తాపిందట. ఈగలు ముసిరిన రసం." ఆ రోజు నుంచి అదే కారణం అయిపోయింది. "నేను గూడ గదే గిలాసల తాగిన గదా అత్త" అని అవ్వ ఒకసారి అన్నది. ఎవరూ వినిపించుకోలేదు. అదే వారంలో మా వాడకట్టులో ఇంకో ఇద్దరు పిల్లలకు బేదులయ్యాయి. వాళ్లు బతికారు కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు బోధన్ పోలేదు, రసం తాగలేదు. చిన్నపిల్లనైనా నాకు అది గుర్తుంది. ఎందుకు గుర్తుంచుకున్నానో అప్పుడు తెలియదు.

బాపు అవ్వను కొట్టలేదు, తిట్టలేదు. మా ఊళ్లో ఆడవాళ్లు దాన్ని ఆయన మంచితనం కింద లెక్కవేశారు. కానీ నాకో, తరువాత పుట్టిన గంగాధర్‌కో ఒళ్లు వెచ్చబడితే చాలు, దగ్గు వస్తే చాలు, పొలం నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగేవాడు.

"ఏం తాపినవ్?"

గట్టిగా అనేవాడు కాదు. పని వివరం అడిగినట్టు అడిగేవాడు. అవ్వ చేతిలో ఉన్న పని ఆగిపోయేది. "ఏం తాపలె" అనేది. ఆయన తల ఊపి లోపలికి పోయేవాడు. ఏళ్ల తరబడి మా ఇంట్లో జ్వరం అంటే ఆ రెండు మాటలే. అవ్వ మళ్లీ బోధన్ బజారుకు పోలేదు. బస్సెక్కడమే మానేసింది. మధ్యాహ్నాలు బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. చాట ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంటే ఎవరి ముఖమూ చూడనవసరం లేని పని అది. తునికాకు తడి వాసన, జర్దా ఘాటు ఆమె చీరల్లో ఉండిపోయాయి. బతుకమ్మ రోజుల్లో ఇంటి తలుపు దగ్గరికి వేసుకుని లోపల కూర్చునేది. ఆడటానికి రమ్మని పిలవడం కూడా మానేశారు.

బాపు నన్ను చదివించాడు. ఆ రోజుల్లో మా ఊరి ఆడపిల్లను హైదరాబాద్ పంపి వ్యవసాయం చదివించడం చిన్న సంగతి కాదు. ఆయన మీద నాకున్న కోపమూ ప్రేమా రెండూ నిజమే, ఒకదానితో ఇంకొకటి చెరగలేదు. చివరి ఏడాది వేసవి సెలవులకు ముందు మా మాస్టారు ఒక పని అప్పజెప్పారు. ఎవరి ఊళ్లో వాళ్లు రకరకాల నేలల్లో నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయో కొలుచుకుని రావాలి. దానికి రెండు ఇనుప రింగులు ఇచ్చారు, ఒకటి చిన్నది, ఇంకొకటి దాని చుట్టూ పట్టేంత పెద్దది. బస్సులో కండక్టరు వాటిని చూసి, ఏందమ్మ, అడుగుల్లేని గంగాళాలా అన్నాడు.

ఆ సెలవుల్లో బాపు నాకు కూలీవాడిలా పనిచేశాడు. అంత సంతోషంగా ఆయనను నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు. నేను చోటు చూపిస్తే ఆయన రింగుల మీద చెక్క పెట్టి సమ్మెటతో కొట్టి నేలలోకి దించేవాడు. రెండు రింగుల్లోనూ నీళ్లు పోయాలి. బయటి రింగులోని నీళ్లు పక్కలకు పోతాయి, లోపలి దానిలోవి నేరుగా కిందికి దిగుతాయి. లోపల ఒక స్కేలు నిలబెట్టి, గడియారం చూసుకుంటూ నీటి మట్టం ఎంత తగ్గిందో రాసుకోవాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఎండలో గంటల తరబడి కూర్చోవాలి.

చెరుకు కొట్టేసిన రేగడి చేనులో మొదలుపెట్టాం. ఎండకు నేల చెయ్యి దూరేంత బీటలు విచ్చి ఉంది. పోసిన నీళ్లు గుటగుటా దిగిపోయాయి. బాపు పరుగున ఇంకో బిందె తెచ్చాడు. కానీ కాసేపటికి రేగడి ఉబ్బి బీటలన్నీ మూసుకుపోయాయి. ఆ తరువాత నీటి మట్టం కదలనంటే కదలలేదు. ఇద్దరం సద్దన్నం తిన్నాం, ఆయన చుట్ట కాల్చుకున్నాడు, అయినా స్కేలు మీద గీత దాటలేదు.

"కడుపు నిండినట్టున్నది దీనికి" అన్నాడు బాపు.

ఎర్ర ఇసుక కలిసిన చల్క నేలలో ఇంకోలా ఉంది. మొదట్లో ఎట్లా ఇంకిందో చివరిదాకా దాదాపు అట్లాగే, నిదానంగా, ఆగకుండా. నేను అంకెలు రాసుకుంటుంటే ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి, అర్థమైనట్టు తల ఊపేవాడు. ఒకరోజు సాయంత్రం ఇంటికి వస్తూ అన్నాడు.

"గివన్ని ఏం నేలలు బిడ్డ! అసలు నేల మన ఇంటెనుక ఉన్నది. రేపు అది కొలువు. మీ సార్లు పరేషాన్ అయితరు."

మర్నాడు పొద్దున పాయఖానా పక్కన, పైన ఎర్రమట్టి తీసేసి, మొరం తేలిన చోట రింగులు దించాం. మొదటి బిందె పోశాను. స్కేలు చూసి, గడియారం చూసి, కలం తీసేలోపు నీళ్లు లేవు. రెండో బిందె, మూడోది అంతే. మట్టం నిలబడితేనే కదా కొలవడం. నేను ఆపమన్నా బాపు ఆపడం లేదు. బావి దగ్గరికి పోవడం, చేదడం, తెచ్చి పోయడం. "సూడు, సూడు, ఎట్ల గుంజుతున్నదో" అని నవ్వుతున్నాడు. ఎంతకీ వేగం తగ్గలేదు. రేగడిలాగా దీని కడుపు నిండటం లేదు. ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి అని నాలో నేనే అనుకుంటూ తలెత్తాను. ఎదురుగా బాపు బావి గట్టు మీద కాలు పెట్టి చాంతాడు లాగుతున్నాడు. గుంత నుంచి బావి వైపు నేల వాలుగా ఉంది. బావి లోపలి గోడ నాకు బాగా తెలుసు. రాతి కట్టు అయిపోయిన చోట నుంచి కిందిదాకా కనబడేది ఇదే మొరం. వానాకాలంలో అందులోనుంచే సన్నగా ఊట కారేది.

చేతిలో కలం అట్లాగే ఉంది. ఏదో చెప్పి రింగులు పీకించాను. ఆయన ఇంకా సరిపోలేదన్నట్టు నిలబడ్డాడు.

అవ్వ ముందరి అరుగు మీద బీడీలు చుడుతోంది. పక్కన కూర్చుని, మెల్లగా, నేను చూసింది చెప్పాను. గుంతలో నీళ్లు ఎందుకు నిలవవో, ఆ ఏడు బావి నిండుగా ఉన్నప్పుడు ఏమై ఉంటుందో, సాయవ్వ ఇంటివైపు పిల్లలకు కూడా అదే వారంలో ఎందుకు బేదులయ్యాయో చెప్పాను. శోభ చావుకు ఇదే కారణమని ముద్ర వేసి చెప్పలేనని కూడా అన్నాను. కానీ రసం అని చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు, దీనికి మాత్రం నేల సాక్ష్యం ఉంది అన్నాను. అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె చుడుతున్న బీడీ పూర్తి చేసి, దారం కట్టి, చాటలో పెట్టింది.

"గా రాత్రంత నేను తాపింది గీ బాయి నీళ్లే బిడ్డ" అన్నది.

ఆమె ఇంకో ఆకు తీసుకుంది. దాన్ని కత్తిరిస్తూ అన్నది. "బాపుకు చెప్పకు."

"ఎందుకవ్వ? ఇన్నేండ్ల సంది నిన్ను..."

"నన్నంటే పడ్డ. ఆయన పడడు. తల్లి కోసం తన చేతులతోటి తవ్విండు. బిడ్డను నేనే సంపుకున్న అని ఎరుకైతే ఆ మనిషి బతకడు."

ఆమె మాట కాదనలేకపోయాను. ఇంట్లో మటుకు నీళ్లు కాచి తాగుదామని పట్టుబట్టాను. కాలేజీలో నేర్పారని బాపుతో చెప్పాను. వాడకట్టువాళ్లకు ఏమని చెప్పను? సెలవులు అయిపోవస్తుండగా వానలు మొదలయ్యాయి. బావిలో నీళ్లు పైకి లేచాయి. ఒకరోజు పొద్దున అవ్వ సాయవ్వ ఇంటికి పోయి వచ్చింది. సాయవ్వ మనుమడికి, ఇంకా పాలు మరవని పిల్లవాడికి, వాంతులు బేదులు. అవ్వ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"చెప్పు" అన్నది. "పోయి బాపుకు చెప్పు. ఇప్పుడే."

పిల్లవాడిని ముందు కోటగిరికి తోలించాం. వాడు బతికాడు. ఈ కథలో నాకు ఊపిరాడే చోటు అదొక్కటే.

బాపు అన్నం తింటూ విన్నాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కంచం ముందు నుంచి లేచాడు.

"నాలుగు దినాలు రింగులు పట్టుకొని తిరిగినవో లేదో, నా గుంత మీద పడ్డవా? చుక్క నిలువని గుంత అది. నీళ్లు భూమిలకు పోతయి, బాయిలకెందుకొస్తయి?"

"బాయి గూడ భూమిలనే ఉన్నది గదా బాపు."

ఆయన చెంబు అందుకుని చేయి కడుక్కున్నాడు. తరువాత, "సూపియ్యి" అన్నాడు.

కొబ్బరి చెట్లకు వేయడానికి తెచ్చిన ఉప్పు బస్తాలు ఇంట్లో ఉన్నాయి. ముందుగా బావి నీళ్లు ఒక సీసాలో పట్టి దాచాను. ఆ తరువాత బాపు తన చేత్తోనే ఉప్పు నీళ్లలో కరిగించి గుంతలో పోశాడు. నిజామాబాద్ పోయి, తెలిసిన లెక్చరరును అడిగి, ఉప్పు తగిలితే తెల్లగా మారే మందు చిన్న సీసాలో తెచ్చాను. వారం తిరగకముందే ఒక పొద్దున బాపు బావిలో నీళ్లు చేది, గాజు గ్లాసులో పోసి తెచ్చి గట్టు మీద పెట్టాడు. పక్కన పాత నీళ్ల గ్లాసు పెట్టాను. పాత నీళ్లలో మందు చుక్కలు వేస్తే పల్చగా, పొగ కమ్మినట్టు అయింది. కొత్త నీళ్లలో వేశాను. చూస్తుండగానే మజ్జిగ పోసినట్టు తెల్లబడింది.

బాపు గట్టు మీద కూర్చున్నాడు. పెరటి గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. ఏదో అంటాడని నేను ఎదురుచూశాను. అవ్వ కూడా ఎదురుచూసింది, ఆమె చేయి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుని ఉండటం నాకు కనబడింది. ఆయన లేచి, గడ్డపార తీసుకుని, పెరటి వెనక్కి పోయాడు.

ఆ రోజు నుంచే గుంత పూడ్చడం మొదలైంది. బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లించాడు. వాడకట్టువాళ్లను బడి దగ్గరి చేతి పంపు నీళ్లు తెచ్చుకోమన్నాడు. కారణం అడిగితే, నీళ్లు కరాబైనయి అన్నాడు, అంతే. కొత్త పాయఖానా చాలా దూరంగా, పల్లంలో, రేగట్లో కట్టాడు. అది వానాకాలం రాగానే నిండేది. జనం నవ్వితే నవ్వనిచ్చి దాన్ని తనే ఖాళీ చేసుకునేవాడు. ఆ తరువాత మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఏం తాపినవ్ అన్న మాట వినపడలేదు. కానీ బాపమ్మకు చెప్పలేదు. తన చెల్లెలికి, అంటే మా అత్తకు, చెప్పలేదు. ఒక పెళ్లిలో అందరి ముందూ అత్త ఆ రసం సంగతి ఎత్తితే, బాపు విస్తరి ముందు నుంచి లేచి చేయి కడుక్కోవడానికి పోయాడు. అవ్వ ఆయన వీపు వైపు చూస్తూ వడ్డిస్తున్న గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. నేను చెబుతానని లేస్తే నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆయన చెప్తె వేరు, నువ్వు చెప్తె వేరు" అన్నది.

నేను నిజామాబాద్‌లో భూసార పరీక్షల ఉద్యోగంలో చేరి అందులోనే రిటైరయ్యాను. రైతులు సంచుల్లో మట్టి తెచ్చేవాళ్లు. యూరియా ఎంత వెయ్యాలో అడిగేవాళ్లు. నేను మాత్రం వాళ్ల ఇల్లు ఏ నేల మీద ఉంది, బావి ఎక్కడ, గుంత ఎక్కడ అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు మా వైపు పోతే ఫ్యాక్టరీ మడ్డి వాసన లేదు, చెరుకు బండ్ల వరుసలు లేవు. వీధులన్నీ సిమెంటు, ఎంత వాన పడినా చుక్క ఇంకే చోటు లేదు. చిన్న చిన్న ప్లాట్లలో ఒక గోడకు ఈవైపు బోరు, ఆవైపు సెప్టిక్ ట్యాంకు. తాగడానికి ఆటోలో నీళ్ల క్యాన్లు వస్తాయి. మా అవ్వ గుడ్డ కట్టి వడగట్టిన దానికంటే ఈ నీళ్లు నయమే కావచ్చు. పిల్లలు అప్పటిలా చనిపోవడం లేదు, అది నేను తక్కువ చేసి చూడలేను. కాకపోతే తమ ఇంటి కింద ఏ మన్ను ఉందో అడిగితే చెప్పగలిగిన మనిషి ఇప్పుడు నాకు దొరకడం లేదు. అప్పుడు ఎవరికీ తెలియక ప్రాణం పోయింది. ఇప్పుడు తెలుసుకునే వీలుండి కూడా ఎవరికీ పట్టడం లేదు.

బాపు పోయి కొన్నేళ్లయింది. అవ్వ గంగాధర్ దగ్గరే ఉండి, ఈ మధ్యే పోయింది. ఆమె అస్థికలు కలపడానికి నేనూ గంగాధరూ కందకుర్తి పోయాం. నదిలో నీళ్లు అడుగంటి, ఇసుకలో చాలా దూరం నడవాల్సి వచ్చింది. కుండ వాడి చేతిలో ఉంది. మోకాలి లోతు నీళ్లలో దిగాక వాడు ఆగాడు.

"అక్క, నీకొక మాట చెప్పాలె. బాపుది."

"ఏంది?"

"పోయే ముంగట దవాఖానల నా చెయ్యి పట్టుకొని అన్నడు. శోభక్క సంగతి. మీ అవ్వ తప్పేం లేకుండె, తప్పంత నాదే, ఆమె ముంగట నోరు లేస్తలేదు, నేను పోయినంక నువ్వు చెప్పు అన్నడు."

నేను చేయి వేసి కుండ ఆపాను. "చెప్పినవా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "ఎట్ల చెప్పాలె అక్క? ఆమె ఒక్కనాడు గా ముచ్చట తియ్యలె. మరిచిపోయిందనుకున్న. మళ్ల ఎందుకు గుర్తు చేసుడు, రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే..."

మరిచిపోయిందట. గంగాధర్‌కు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ ఆమె ఒళ్లోనే పెరిగారు. స్నానం చేయించింది, అన్నం తినిపించింది, నిద్రపుచ్చింది. కానీ దాహం అని అడిగినప్పుడల్లా, "పో బిడ్డ, మీ అమ్మనడుగు, మీ అమ్మ తాపుతది" అని పంపించేది. ఒక్కరికి కూడా ఆమె చేత్తో గ్లాసెడు నీళ్లు తాపడం నేను చూడలేదు. నేను కొలిచి చూపించిన తరువాత కూడా, గుంత పూడ్చేసిన తరువాత కూడా.

ఆ సంగతి గంగాధర్‌కు చెప్పలేదు. వాడు కుండ వంచాడు. బూడిద కాసేపు నీటి మీద తేలి, మెల్లగా చెదిరిపోయింది. కుండ ఖాళీ అయిన తరువాత కూడా వాడు అక్కడే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఒడ్డుకు రమ్మని నేను పిలవలేదు.